కాగితంలో రాయని రెండు లక్షలు

మా ఇంట్లో డబ్బు వ్యవహారాలన్నీ నేనే చూసేదాన్ని. పెళ్ళయిన మొదటి నెలలోనే ఆయన జీతం కవరు తెచ్చి నా చేతిలో పెట్టి, "లెక్కల టీచరువి, నువ్వే చూసుకో" అన్నారు. ఆటోనగర్‌లో లారీల విడిభాగాలు అమ్మే ఒక షాపులో ఆయన స్టోర్స్ చూస్తారు. ఏ బోల్టు ఏ అరలో ఉందో చీకట్లో కూడా తీసి ఇవ్వగలరు గానీ, ఇంటి పాల బిల్లు ఎంతో ఆయనకు తెలియదు. ఇరవై ఏళ్ళు అడగలేదు. నేను విజయవాడలోనే ఒక ప్రైవేటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. బంధువుల్లో ఎవరికి పెళ్ళి ఖర్చు తేలకపోయినా, ఇన్సూరెన్స్ కాగితాలు అర్థం కాకపోయినా నాకే ఫోన్ చేసేవాళ్ళు. జాగ్రత్తపరురాలని నాకో పేరు. ఆ పేరంటే నాకు ఇష్టంగా ఉండేది. అప్పుల సంగతి ఇంట్లో చెప్పడానికి నాకు మూడేళ్ళు పట్టిందంటే సగం కారణం ఆ పేరే.

రాజధాని మా పక్కకే వస్తుందని తేలిన రోజుల్లో బెజవాడలో ఏ ఇద్దరు కలిసినా సైట్ల మాటే. మా స్టాఫ్ రూములో ఇద్దరు అప్పటికే కొని, ఆరు నెలల్లో ధర ఎంత పెరిగిందో టిఫిన్ బాక్సులు విప్పుతూ చెప్పుకునేవారు. గన్నవరం దాటాక, హైవేకి లోపలగా ఒక వెంచర్లో నూట యాభై గజాలు పద్నాలుగు లక్షలన్నారు. చేతిలో నాలుగు లక్షలున్నాయి. మా అమ్మ ఇచ్చిన గాజులూ గొలుసూ తాకట్టు పెడితే రెండు వచ్చాయి. నా జీతం చూపించి ఎనిమిది లక్షలు పర్సనల్ లోన్ తీసుకున్నాను. రిజిస్ట్రేషన్ రోజు ఆయన షాపుకు సెలవు పెట్టి వచ్చి సాక్షి సంతకం చేశారు.

"ఇంత డబ్బెక్కడిది?" అన్నారు బయటికొచ్చాక.

"దాచింది కొంత, లోన్ కొంత. అమ్మాయి ఇంజనీరింగుకొచ్చేటప్పటికి రెట్టింపవుతుంది" అన్నాను.

తాకట్టు మాట ఎత్తలేదు. నగలు లాకర్లో ఉన్నాయనే ఆయన నమ్మకం.

తర్వాత రాజధాని మాట చల్లబడింది. సైటు ధర సగానికి పడిపోయింది. ఆ సగానికైనా అడిగేవాళ్ళు లేరు. వెంచర్ ఆఫీసుకు తాళం పడింది, హద్దు రాళ్ళ మధ్య తుమ్మ మొక్కలు లేచాయి. ఆ వెనకే కరోనా వచ్చి స్కూలు మూతపడి, పది నెలలు సగం జీతమే ఇచ్చారు. లోన్ కంతు మాత్రం ఐదో తారీఖు వచ్చేసరికి ఖాతాలోంచి వెళ్ళిపోయేది. ఇంటి ఖర్చుకు క్రెడిట్ కార్డు వాడాను. ఆ కార్డు బిల్లు కట్టడానికి ఇంకో కార్డు తీసుకున్నాను. లోన్ మీద రెండుసార్లు టాపప్ తెచ్చాను. చివరికి ఫోన్లో పది నిమిషాల్లో డబ్బులిచ్చే యాప్‌లు, ఒకటి కాదు, నాలుగు. ఎనిమిదో తరగతికి చక్రవడ్డీ చెప్పే మనిషిని, ఏం జరుగుతోందో తెలియక చేశానని చెప్పుకోలేను. ప్రతి నెలా తెలిసే చేశాను. వచ్చే నెల సైటు అమ్ముడుపోతుందని ప్రతి నెలా అనుకున్నాను.

మధ్యలో ఒకసారి తమ్ముణ్ణి అడిగాను. వాడు పామర్రు దగ్గర సొంత ఎకరన్నరకు తోడు ఇంకో నాలుగెకరాలు కౌలుకు తీసుకుని వరి వేస్తాడు. అమ్మాయి కాలేజీ ఫీజుకని రెండు లక్షలు కావాలన్నాను. వారం తిరక్కుండా స్వయంగా తెచ్చిచ్చాడు. కాఫీ తాగి, "బావకి చెప్పకులే అక్కా, మొహమాటపడతాడు" అని వాడే అన్నాడు. చెప్పొద్దని నేను అడిగే అవసరం రాలేదు. ఆ రెండు లక్షలూ నాలుగు రోజుల్లో కార్డులకు పోయాయి.

ఆ తర్వాత ఏడాదికి యాప్ వాళ్ళ ఫోన్లు మొదలయ్యాయి. క్లాసులో ఉండగా చీరకొంగు కింద ఫోన్ వణుకుతూనే ఉండేది. ఒక సోమవారం మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ గారు పిలిపించారు. ఆవిడ టేబుల్ ముందు మా తొమ్మిదో తరగతి పిల్లవాడి తల్లి కూర్చుని ఉంది. ఆ తల్లి ఫోన్లో నా ఆధార్ ఫోటో, దాని కింద నేను డబ్బు తీసుకుని ఎగ్గొట్టిన మోసగత్తెనని తెలుగులో రాసిన మెసేజ్. నా ఫోన్లో ఉన్న నంబర్లన్నీ యాప్ వాళ్ళ చేతికి వెళ్ళాయట.

ఆ తల్లి వెళ్ళాక హెడ్‌మిస్ట్రెస్ గారు నెమ్మదిగా అన్నారు. "మీ సొంత విషయం, నేనడగను టీచర్ గారూ. కానీ ఇది పేరెంట్స్ గ్రూపులోకి వస్తే నేనేం చెయ్యలేను. ముందు ఇంట్లో చెప్పండి."

ఆవిడే ఒక అడ్రసు రాసిచ్చారు. గవర్నర్‌పేటలో ఒక ట్రస్టు వాళ్ళు అప్పుల్లో పడ్డవాళ్ళకు ఉచితంగా సలహా చెబుతారట. ఇంట్లో చెప్పకుండా ముందు అక్కడికే వెళ్ళాను. అలవాటు.

మెట్లెక్కి పైకి వెళితే రెండు గదులు, ప్లాస్టిక్ కుర్చీలు. కుర్చీల్లో ఇస్త్రీ చొక్కాల మగవాళ్ళు, మంచి చీరల్లో ఆడవాళ్ళు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. లోపల ఉన్నావిడ బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. తెల్ల జుట్టు, గట్టి గొంతు. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. నాకో తెల్ల కాగితమిచ్చి, "అన్నీ రాయండమ్మా. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత, ఎప్పటి నుంచి కట్టడం లేదు" అన్నారు.

రాశాను. లోన్ ఆరు లక్షల నలభై వేలు, కార్డులు రెండూ కలిపి మూడు లక్షల పదివేలు, బంగారం మీద రెండు లక్షల ఇరవై, యాప్‌లు లక్షా ఇరవై ఐదు. కింద కూడితే పదమూడు లక్షలకు ఐదు వేలు తక్కువ. విడివిడిగా ప్రతిదీ నాకు తెలిసిన అంకే. ఒకే కాగితం మీద ఒకదాని కింద ఒకటిగా అంతకుముందెప్పుడూ చూడలేదు. మా ఇద్దరి జీతాలూ కలిపి అరవై వేలు. అందులో నలభై ఒక్క వేలు కంతులకే పోతున్నాయని ఆవిడ లెక్క వేసి చూపించారు.

అప్పుడు ఆవిడ ప్లాన్ గురించి చెప్పారు. అప్పులిచ్చిన వాళ్ళందరికీ ట్రస్టు తరఫున ఉత్తరాలు రాస్తారు. వడ్డీ తగ్గించమని, ఫైన్లు ఆపమని, గడువు పెంచమని అడుగుతారు. ఒప్పుకుంటే అన్నీ కలిపి నెలకు ఒకే మొత్తం కట్టాలి. కార్డులు మూసెయ్యాలి. అది పూర్తయ్యే దాకా, ఆ తర్వాత ఇంకొన్నేళ్ళ దాకా కొత్త అప్పు పుట్టదు.

"అందరూ ఒప్పుకుంటారని నేను హామీ ఇవ్వలేను. అప్పు మాఫీ అవదు. తీర్చేదంతా మీరే తీర్చాలి, కాస్త ఊపిరి ఆడేట్టు, అంతే" అన్నారు. తర్వాత కళ్ళజోడు తీసి, "మీవారికి తెలుసా?" అన్నారు.

తెలియదన్నాను.

"అయితే ఆయన్ని తీసుకుని రండి. ఇంట్లో ఒకళ్ళకి తెలిసి ఒకళ్ళకి తెలియకుండా నేను ప్లాన్ వెయ్యనమ్మా. వేసినా నిలబడదు."

మూడు వారాలు వెళ్ళలేదు. ఈలోగా మరో ఇద్దరు పేరెంట్స్‌కు మెసేజ్ వెళ్ళింది. ఒక ఆదివారం పొద్దున ఆయన బాల్కనీలో కూర్చుని మిక్సీ జారు బ్లేడు విప్పి బాగుచేస్తుంటే వెళ్ళి ఎదురుగా కూర్చుని చెప్పాను. అంకెలన్నీ చెప్పాను. నగల సంగతి చెప్పాను. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది. అరవలేదు. అరిస్తే బాగుండుననిపించింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

"మూడేళ్ళు దాటింది."

"రోజూ నా పక్కనే కూర్చుని అన్నం తింటున్నావు కదా" అన్నారు. తర్వాత, "ఇంకేమైనా ఉందా?" అని అడిగారు.

అప్పుడు చెప్పాల్సింది. ఆ క్షణం ఆయన మొహం నాకు ఇప్పటికీ గుర్తే, ఏదైనా వినడానికి సిద్ధపడిన మనిషి మొహం. కానీ బ్యాంకుకు బాకీ పడటం వేరు, ఫీజని అబద్ధం చెప్పి తమ్ముడి దగ్గర తీసుకోవడం వేరు. సైటు అమ్మాక వాడికి ఎలాగూ ఇచ్చేస్తాను కదా అనుకున్నాను.

"లేదండీ. ఇంతే" అన్నాను.

లోపలి గదిలో మా అమ్మాయి అంతా వింది. ఇంటర్ రెండో ఏడాది అప్పుడు. వచ్చి మా ఇద్దరి మధ్య మిక్సీ జారు తీసి పక్కన పెట్టి, "టిఫిన్ ఏం చెయ్యాలి?" అని అడిగింది. అంతకుముందెప్పుడూ ఆ పిల్ల వంటింటి వైపు చూసేది కాదు.

శుక్రవారం ఆయన షాపులో పర్మిషన్ అడిగి నాతో గవర్నర్‌పేట వచ్చారు. మెట్ల దగ్గర ఆగి చొక్కా సర్దుకున్నారు. లోపల మేడమ్ నేను రాసిన కాగితం ఆయన ముందు పెట్టారు. ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివారు, షాపులో స్టాకు రిజిస్టరు చదివినట్టు. మేడమ్ నగల మాట ఎత్తారు. "బంగారం విడిపించుకుందామని వడ్డీ కట్టుకుంటూ కూర్చోకండి. అమ్మెయ్యండి. దాని అప్పు పోగా ఎనభై వేల దాకా మిగులుతుంది, యాప్‌ల వాళ్ళకి అది కట్టండి." ఆయన నా వైపు చూశారు. నేను తలూపాను.

"చేబదుళ్ళు? చుట్టాల దగ్గర, తెలిసినవాళ్ళ దగ్గర?" అన్నారు మేడమ్ పెన్ను పట్టుకుని.

నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నారు. "మా వాళ్ళ దగ్గర ఏమీ లేదండీ. ఏదున్నా మేమే పడతాం గానీ, ఇవాళ్టిదాకా ఒకళ్ళ ముందు చెయ్యి చాపలేదు. ఆ ఒక్కటీ నిలబెట్టుకున్నాం." గొంతులో కాస్త గర్వముంది. ఆ వారమంతా ఆయన దగ్గర మిగిలింది ఆ గర్వమొక్కటే అనుకుంటాను. మేడమ్ కూడా మెచ్చుకున్నారు. వచ్చే వాళ్ళలో చాలామందికి అసలు బాధ చుట్టాల దగ్గరి బాకీలతోనే అని, అవి లేకపోవడం అదృష్టమని అన్నారు. ఆయన ఇంకా ఏదో చెప్పారు, వాళ్ళ నాన్న ఎలా బతికారో, అలాంటిది. నేను వింటూ కూర్చున్నాను.

మేడమ్ తన ఫారంలో ఆ గడిలో 'లేదు' అని రాయబోతుండగా అన్నాను. "ఉందండీ. మా తమ్ముడికి రెండు లక్షలివ్వాలి."

ఆయన నా వైపు తిరగలేదు. టేబుల్ మీద కాగితాన్నే చూస్తూ లేచి, "ఇప్పుడే వస్తానండీ" అని మేడమ్‌తో చెప్పి బయటికి వెళ్ళారు. కిటికీలోంచి చూస్తే రోడ్డవతల పార్కింగులో మా స్కూటర్ పక్కన నిలబడి ఉన్నారు. వెళ్ళిపోతారనుకున్నాను. పావుగంటకు తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చుని, "చెప్పండి మేడమ్, ఎక్కడ సంతకం పెట్టాలి?" అన్నారు.

సంతకాలు ఆ రోజు కాదన్నారు ఆవిడ. ఇంటికెళ్ళి ఆలోచించుకోమన్నారు. తమ్ముడికి మాత్రం నిజం చెప్పి రమ్మన్నారు.

ఆ ఆదివారం బస్సులో పామర్రు వెళ్ళాం. కోతలైపోయి పొలాలు ఖాళీగా ఉన్నాయి. కొన్నిచోట్ల మినుము మొలకలు కనపడుతున్నాయి. తమ్ముడు బస్టాపుకు బండి మీద వచ్చాడు. బావ వచ్చాడని సంబరపడి చికెన్ తెమ్మని ఎవరికో ఫోన్ చేయబోతే ఆయన వద్దన్నారు.

వరండాలో కూర్చున్నాక నేనే చెప్పాను. ఆయన సాయం పట్టలేదు, పట్టాల్సిన అవసరమూ లేదు. తమ్ముడు మొదట అర్థం కానట్టు విన్నాడు.

"ఫీజుకన్నావు కదక్కా" అన్నాడు.

"అబద్ధం చెప్పాను."

వాడు నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. గుమ్మంలో నిలబడ్డ మరదలు మాత్రం ఆగలేకపోయింది. "వదినా, ఆ రోజు ఇంట్లో డబ్బుల్లేవు. ధాన్యం డబ్బులు ఇంకా రాలేదు. మీ తమ్ముడు కమీషన్ ఏజెంటు దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మీకిచ్చాడు. నెలకి నాలుగువేలు కడుతున్నాం. పద్నాలుగు నెలల నుంచి."

"నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు తమ్ముడు.

"ఎందుకెళ్ళాలి? ఈసారి కౌలు రెండెకరాలు వదిలేసింది ఎందుకో చెప్పు వాళ్ళకి." ఆమె ఏడవలేదు. మాట మాత్రం కోసినట్టు తెగి తెగి వస్తోంది. "అమ్మాయి చదువు కదా అని ఊరుకున్నా. నా పిల్లకి పండక్కి బట్టలు కూడా ఆలోచించి కొన్నా."

నేను అడిగాను. "చెప్పలేదేంరా, వడ్డీకి తెచ్చావని?"

"నువ్వెప్పుడూ ఏదీ అడగవు కదక్కా. మొదటిసారి అడిగావు" అన్నాడు.

ఆయన అక్కడే, వరండాలో, తమ్ముడి చెయ్యి పట్టుకుని, "సైటు ఎంతకి పోతే అంతకి అమ్ముతా. అందులో మొదటి డబ్బు నీదే" అన్నారు. మరదలు టీ తెచ్చింది. అందరం తాగాం. ఎవరూ భోజనం మాట ఎత్తలేదు.

రెండు నెలలకు సైటు ఐదు లక్షలకు అమ్ముడుపోయింది. పద్నాలుగు పెట్టి కొన్నది. కొన్నవాడు రిజిస్ట్రార్ ఆఫీసు బయట కూడా ఇంకో పదివేలు తగ్గించమని బేరమాడాడు. మేడమ్ ఆ ఐదూ ముందు ఎక్కువ వడ్డీ ఉన్న కార్డులకూ, మిగిలింది లోన్‌కూ కట్టమన్నారు. చుట్టాల బాకీ చివర చూడొచ్చు, వాళ్ళు ఆగుతారు, కార్డు వడ్డీ ఆగదు అన్నారు. లెక్క ప్రకారం ఆవిడ మాటే సరైంది. ఆయన వినలేదు. రెండు లక్షలు తీసుకుని ఒక్కరే పామర్రు వెళ్ళి ఇచ్చి వచ్చారు. తమ్ముడు కట్టిన వడ్డీ అరవై నాలుగు వేలు మాత్రం అప్పుడు ఇవ్వలేకపోయాం.

మిగిలిన దానికి ప్లాన్ కుదిరింది. నెలకు పదహారున్నర వేలు, నాలుగున్నరేళ్ళు. లోన్ ఇచ్చినవాళ్ళూ, కార్డుల వాళ్ళూ ఒప్పుకున్నారు. యాప్‌లలో ఒకటి ఒప్పుకోలేదు. అది విడిగా కట్టి మూసే దాకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మేడమ్ ఎదురుగానే కార్డులు కత్తిరించి డబ్బాలో వేశాను. ఏదో బరువు దిగుతుందని ఎదురుచూశాను గానీ, అలాంటిదేమీ జరగలేదు. బయట ఎండగా ఉంది. బస్సెక్కి స్కూలుకు వెళ్ళి ఆఖరి పీరియడ్ చెప్పాను.

ఆ నెల నుంచి ఆయన జీతం నా చేతికి ఇవ్వడం మానేశారు. అద్దె, కరెంటు, పాలు, కంతు అన్నీ ఆయనే కడతారు. నా జీతం కూడా ఆయన ఖాతాలోకి పంపమన్నారు, పంపుతున్నాను. కూరగాయలకు వారానికింతని టేబుల్ మీద పెట్టి వెళతారు. కోపంతో కాదు, షాపులో సరుకు ఇష్యూ చేసినట్టు. మా అమ్మాయి ఇంజనీరింగ్ మాట తనే వదిలేసి గవర్నమెంటు కాలేజీలో బీఎస్సీలో చేరింది. ఇష్టమేనా అని అడిగితే, "ఫీజు తక్కువమ్మా" అంది. నా ప్రశ్నకు అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ప్లాన్ మొదలై ఏడాది తిరిగాక రాజధాని పనులు మళ్ళీ మొదలవుతాయన్నారు. గన్నవరం వైపు ధరలు లేచాయి. మేము అమ్మిన సైటు పక్క సైటు పన్నెండుకు పోయిందని స్టాఫ్ రూములో ఎవరో చెప్పారు. ఇంట్లో చెప్పాలా వద్దా అని రెండు రోజులు మథనపడ్డాను. చివరికి చెప్పాను, ప్లాన్ మొదలైనప్పుడే ఇక ఏదీ దాచనని ఆయనకు మాటిచ్చాను కాబట్టి. ఆయన పేపరు మడిచి, "తెలుసు" అన్నారు.

తమ్ముడి ఇంటికి రాకపోకలు ఆగలేదు. వాడు ఎప్పటిలాగే బియ్యం బస్తా పంపుతాడు. వడ్డీ డబ్బు ఆయన ఓవర్‌టైం చేసి మూడు దఫాలుగా ఇచ్చేశారు. మరదలు ఫోన్లో బాగానే మాట్లాడుతుంది గానీ, నాతో మాట్లాడేటప్పుడు ఒక్కో మాటా చూసుకుని అంటుంది. నేనూ అంతే.

మొన్నీమధ్య ఒక సాయంత్రం, అమ్మాయి ఇంకా కాలేజీ నుంచి రాలేదు, ఇద్దరమే ఉన్నాం. చాలా రోజులుగా మనసులో ఉన్నది అడిగాను. "ఆ రోజు మేడమ్ దగ్గర్నుంచి లేచి బయటికెళ్ళారే, ఆ రెండు లక్షల బాకీ సంగతి ముందే చెప్పకపోయినందుకేనా? పదమూడు లక్షలకి కూడా అంత బాధపడలేదు మీరు."

ఆయన టేబుల్ మీది కంతు రసీదులు సర్ది రబ్బరు బ్యాండు వేశారు.

"డబ్బు గురించి కాదు" అన్నారు. "మా వాళ్ళ దగ్గర బాకీ ఏమీ లేదని నేను గొప్పగా చెప్తున్నాను. మా నాన్న గురించి కూడా చెప్పాను. నువ్వు పక్కనే కూర్చుని అదంతా విన్నావు. నన్ను చెప్పనిచ్చావు."

నిజమే. చెప్పనిచ్చాను. పైన ట్యాంకు నిండి నీళ్ళు పొర్లుతున్న చప్పుడు వినిపిస్తే, ఆయన లేచి మోటారు కట్టెయ్యడానికి మెట్లు దిగారు.